దిమ్మతిరిగినవాడి వంతు

రసీన్, విస్కాన్సిన్
1986 జనవరి 21, మంగళవారం

అక్కా, టోర్వెక్‌ని మూడు వంతుల పాటు కొయ్యలా నిలబెట్టేశావు. ఒకటి కాదు, రెండు కాదు, మూడు. నీ ఉత్తరంలో దానికి ఒకే ఒక్క లైను: "గంట మోగింది, టోర్వెక్‌కి దిమ్మతిరిగింది, మూడు వంతులు." కుశలప్రశ్నలు చివర్లో రాస్తాను, కాగితం మిగిలితే.

మా ఫౌండ్రీలో యూనియన్ తరఫున మాట్లాడే లూషియస్ నాకు ఫిర్యాదు రాయడం నేర్పాడు. ముందు జరిగింది రాయాలి. అవతలివాళ్లకి తెలిసినా సరే, ఏమీ తెలియనట్టే మొదట్నుంచీ రాయాలి. తరవాత నిబంధన. చివర మనకేం కావాలో, ఎప్పటిలోగా కావాలో. అలాగే రాస్తున్నాను.

జరిగింది. తొమ్మిదేళ్ల కిందట, నాకు పదమూడేళ్లప్పుడు, మన వంటింటి బల్ల మీద ఈ ఆట మొదలుపెట్టింది నువ్వు. లోకం ఎలా ఉందో నువ్వు చెబుతావు. మేం అందులో ఒక్కో మనిషి వేషం కడతాం. "ఏం చేస్తావు?" అని నువ్వడుగుతావు, మేం చెబుతాం, అయ్యిందో కాలేదో పాచికలు తేలుస్తాయి. నా మనిషి టోర్వెక్, గొడ్డలివాడు. పిన్ని కొడుకు నార్బర్ట్‌ది మంత్రగాడు. నువ్వు పెళ్లి చేసుకుని డులూత్ వెళ్లిపోయాక ఆట పోస్టులో నడుస్తోంది, పాచికల బదులు పేపర్లో పడే శుక్రవారం అంకెతో. ఒక్కో వంతుకి రెండు వారాలు. మూడు వంతులంటే ఆరు వారాలు.

ఇప్పుడు కోట గేటు దగ్గర ఉన్నాం. గేటు పైకెత్తే గొలుసు టోర్వెక్ చేతుల్లో ఉంది. ఎముకల మనుషులు తరుముతుంటే నార్బర్ట్ లోపల్నుంచి పరిగెత్తుకొస్తున్నాడు. బయట నా వెనక కంచు రాక్షసుడు గంట కొట్టాడు.

నిబంధన. ఆట పుస్తకం నలభై ఒకటో పేజీ: దిమ్మతిరిగినవాడు తన వంతులో ఏ పనీ చేయలేడు. కదలలేడు, మాట్లాడలేడు. చేతిలో ఉన్నది జారిపోతుంది. అతన్ని కొట్టేవాడికి దెబ్బ తప్పిపోదు.

గేటు పడిందని నువ్వు రాయలేదు. పేజీ ప్రకారం పడింది. నేనే నార్బర్ట్ ఇంటికెళ్లి, గొలుసు జారిపోయింది, నువ్వు లోపల ఉండిపోయావు అని చెప్పాను. వాడు తలుపు వేసేసుకున్నాడు.

టోర్వెక్ ప్రాణం ఇరవై రెండు. రాక్షసుడి సుత్తి దెబ్బకి పది దాకా పోతుంది. మూడు దెబ్బలు లెక్క వేసుకో. తొమ్మిదేళ్లు బతికినవాడు, ఏం చేస్తావని ఎవరూ అడక్కుండానే పోతాడు.

ఇంకోటి. కదలలేడు, మాట్లాడలేడు అని ఉందిగానీ వినలేడు, చూడలేడు అని ఎక్కడా లేదు. నువ్వు మాత్రం దిమ్మ తీరేదాకా టోర్వెక్‌కి ఉత్తరం రానక్కర్లేదన్నావు.

కావలసింది: గంట దెబ్బకి ఏ శుక్రవారం అంకె వాడావో, ఎంతో చెప్పు. ఫిబ్రవరి ఒకటో తేదీ పోస్టు ముద్రలోగా. ఫోన్లో ఆట మాట్లాడకూడదని పెట్టింది నువ్వే కాబట్టి ఫోన్ చేయను.

బావ ఎలా ఉన్నాడు? ఇక్కడ సరస్సు అంచు గడ్డకట్టింది.

కర్టిస్


డులూత్, మిన్నెసోటా
1986 జనవరి 26, ఆదివారం

ఒరేయ్ కర్టిస్,

కుశలప్రశ్నలు నేను ముందే రాస్తాను, మనం మనుషులం కాబట్టి. మీ బావ ఆర్విడ్ బాగున్నాడు. సరస్సు గడ్డకట్టి రేవులో ఓడలు కట్టేశారు, మార్చి చివరిదాకా సరకు లేదు. మనిషి ఇంట్లోనే ఉండి వంటింటి అల్మరాల తలుపులన్నీ విప్పి మళ్లీ బిగిస్తున్నాడు. నాకు పొద్దున ఆసుపత్రి వంటశాలలో పని, సాయంత్రం నర్సింగు క్లాసులు. అమ్మకి నా గురించి బెంగ పెట్టుకోవద్దని చెప్పు.

పెద్ద పెద్ద అక్షరాల నీ పదకొండు పేజీలూ ఆర్విడ్ నాకంటే ముందు చదివాడు.

"ఇతనికి దెబ్బ తలకి తగిలిందా, చెవికా?" అన్నాడు.

"చెవికి. గంట."

"గేటు పడిందంటే పడింది. బయటే ఉన్నాడుగా, పారిపొమ్మను."

"కదలలేడండీ."

"కదలలేనివాడు పదకొండు పేజీలు ఎలా రాశాడు?"

నేను పేజీలు లాక్కుని మొదట్నుంచీ చదివాను.

ఇక ఫిర్యాదు. వాడింది జనవరి 17 శుక్రవారం అంకె. పద్నాలుగు. దిమ్మ తప్పించుకోవాలంటే అరవై దాటాలి. దాటలేదు. దాటకపోతే ఒక వంతు దిమ్మ, ముప్పైకి తక్కువైతే రెండు, ఇరవైకి తక్కువైతే మూడు. ఇదీ ఆ పేజీలోనే ఉంది, కింది పట్టికలో. నువ్వు పైన చదివి ఆగిపోయినట్టున్నావు.

వినపడుతుందా అంటే వినపడుతుంది. విని ఏం చేస్తాడు? చేయలేనివాడికి రాసి కాగితం దండగ. దిమ్మ తీరాక రాస్తాను.

మఫ్లరు వేసుకో.

బిర్గిట్


రసీన్
1986 జనవరి 31, శుక్రవారం

అక్కా,

పట్టిక చదివాను. తొమ్మిదేళ్లుగా చదువుతున్నాను. ఆ పుస్తకం కోసమే నేను చదవడం నేర్చుకున్నది, బడి కోసం కాదు. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఒక్కో పేజీకి వారం పట్టేది. పైన చదివి ఆగిపోయానని ఇంకెప్పుడూ అనకు.

మంగళవారం నార్బర్ట్ వచ్చాడు. బూట్ల మంచు కూడా దులుపుకోలేదు.

"చెయ్యి ఎందుకు వదిలావురా?"

"నేను వదల్లేదు. దిమ్మతిరిగింది."

"దిమ్మతిరిగితే ఇంకా గట్టిగా పట్టుకోవాలి."

"నలభై ఒకటో పేజీ చదువు."

"పేజీ నీకు, ఎముకల మనుషులు నాకా? నలుగురున్నారిక్కడ. నా దగ్గర ఒక దీపం, ఒక నిచ్చెన, అంతే."

"నిచ్చెన ఎందుకు తెచ్చుకున్నావు?"

"మాట మార్చకు. బిర్గిట్ గేటు పడిందని రాయనే లేదు. నువ్వు నోరు మూసుకుని ఉంటే నేనీపాటికి బయట ఉండేవాణ్ణి."

"పేజీలో ఉంది. ఉన్నదాన్ని లేదనమంటావా?"

"అనాలి. బంధువులన్నాక అనాలి."

అమ్మ పంపిన బాదం క్రింగిల్ రొట్టె సగం తిని, చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు వాడికి నేను ద్రోహిని. నువ్వు రాసిన ఆ ఒక్క లైను వల్ల.

బుధవారం భోజనాల గదిలో లూషియస్ నా మొహం చూసి ఏమైందన్నాడు.

"టోర్వెక్ పోయేట్టున్నాడు," అన్నాను.

"ఏ డిపార్టుమెంటు?"

"గేటు దగ్గర ఉంటాడు."

"ఏం జరిగింది?"

"పెద్ద చప్పుడుకి దిమ్మతిరిగింది. చేతిలో గొలుసు జారింది. గేటు పడింది. అవతల ఒక మనిషి ఇరుక్కున్నాడు."

లూషియస్ తింటున్నది కింద పెట్టాడు. "చెవులకేమైనా ఇచ్చారా పెట్టుకోవడానికి?"

ఇవ్వలేదన్నాను. అది నిజమే.

"అయితే మనం గెలుస్తాం," అన్నాడు.

అప్పుడు సంగతంతా చెప్పాల్సి వచ్చింది. కింద పెట్టింది తీసుకుని మళ్లీ తినడం మొదలుపెట్టాడు. తరవాత, "అంటే ఇక్కడ మేనేజిమెంటు మీ అక్క," అన్నాడు.

"అవును."

"అయితే ముందు తేదీలు చూడు. మేనేజిమెంటు ఎప్పుడూ తేదీల దగ్గరే దొరుకుతుంది."

చూశాను. మన పుస్తకం వెనక అట్ట లోపలివైపు నువ్వే రాసి పంపావు, డులూత్ వెళ్లిన కొత్తలో, 1981లో. ఎక్కడో కూచుని నువ్వు వేసిన పాచికలు మాకు కనపడవు కాబట్టి పాచికలు వద్దు; పేపర్లో పడే న్యూయార్క్ షేర్ల అమ్మకాల సంఖ్యలో చివరి రెండంకెలు తీసుకుందాం, అది రెండూళ్లలోనూ ఒకటే. ఏ రోజుది? "ఆటగాడి ఉత్తరం మీద పోస్టు ముద్ర పడ్డాక వచ్చే మొదటి శుక్రవారం." నీ చేతిరాత. కింద నీ సంతకం.

నా ఉత్తరం మీద ముద్ర జనవరి 8, బుధవారం. తరవాతి శుక్రవారం జనవరి 10. పదిహేడు కాదు.

భోజనాల గదిలో తడి బూట్ల కింద పరవడానికి పాత పేపర్లు దొంతర పెడతారు. పదో తేదీ అంకె పడ్డ పేపరు కింద నుంచి మూడోది. బురద అయింది కానీ కనబడుతోంది. ఎనభై మూడు.

ఎనభై మూడంటే దిమ్మ లేదు. గొలుసు జారలేదు. నార్బర్ట్ బయట ఉన్నాడు. ఆ పేపరు ముక్క చింపి ఇందులో పెట్టాను. వాసన వస్తే అది బూట్లది.

కావలసింది: తీర్పు మార్చు. ఫిబ్రవరి 7లోగా.

కర్టిస్


డులూత్
1986 ఫిబ్రవరి 5, బుధవారం

కర్టిస్,

పేపరు ముక్క అందింది. బయట పెట్టాను.

జనవరి రెండో వారం ఇక్కడ మంచు తుఫాను. నీ ఉత్తరం నాకు పదకొండో తేదీ శనివారం చేరింది. అందని ఉత్తరానికి శుక్రవారం అంకె చూడలేను. అందాక వచ్చిన శుక్రవారం చూశాను. అట్ట మీద రాసింది మామూలు రోజులకి. ఆట నడిపేది నేను, తీర్పు నాదే.

మొదటి దెబ్బ, జనవరి 31 అంకె ప్రకారం: సుత్తి భుజానికి తగిలింది. తొమ్మిది పోయింది. టోర్వెక్ ప్రాణం పదమూడు.

నార్బర్ట్ ఒక ఎముకల మనిషిని దీపంతో కొట్టాడు. కూలిపోయింది.

బిర్గిట్


రసీన్
1986 ఫిబ్రవరి 9, ఆదివారం

ఒరేయ్ అని కూడా పిలవలేదు. కుశలప్రశ్నలు లేవు. మఫ్లరు లేదు. అర్థమైంది.

ఇది తుఫాను సంగతి కాదు. నవంబరులో పండక్కి టర్కీ కోడిని కోస్తుండగా నేనన్న మాట సంగతి. ఇరవై ఎనిమిదేళ్లు వచ్చాక మళ్లీ బడికెళ్లడమేంటి, నర్సు టోపీ పెట్టుకుని మమ్మల్ని ఎవరో అనుకుంటావా అన్నాను. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. నవ్వి, మనసులో దాచుకుని, జనవరిలో గంట మోగించావు. అనదల్చుకుంటే మొహం మీద అనాలి. నామీద కోపానికి టోర్వెక్‌ని చంపుతావా? వాడేం చేశాడు నిన్ను?

నువ్వు చదువుకోవడాన్ని నేను తప్పనలేదు. అంటే అన్నాను. కానీ నేననుకున్నది అది కాదు. నువ్వు చదువుకుంటే నీకు ఆటకి తీరిక ఉండదనుకున్నాను. అది అనడం రాక ఇదన్నాను.

ఒక సంగతి రాస్తాను, ఇది ఫిర్యాదులో భాగం కాదు. గురువారం గ్రైండరు చక్రం మీది మూత వదులైంది. ఫోర్‌మన్‌కి చెప్పాను. "నిన్నెవరడిగారు?" అన్నాడు. అంతే. ఐదేళ్లుగా అక్కడ పనిచేస్తున్నాను. ఏం చెయ్యాలో రోజుకి వందసార్లు చెబుతారు. ఏం చేస్తావని ఒక్కడు ఒక్కసారి అడగలేదు. బళ్లో ఎవరూ అడగలేదు. ఇంట్లో నాన్న అడగలేదు. నువ్వొక్కదానివే అడిగావు, తొమ్మిదేళ్ల పాటు, రెండు వారాలకోసారి. ఒక గదిలో నలుగురు కూచుని ఉంటే నావైపు తిరిగి, "టోర్వెక్, నువ్వేం చేస్తావు?" అని, చెప్పేదాకా ఆగేదానివి. నేను చెప్పింది ఎంత పిచ్చిగా ఉన్నా రాసుకునేదానివి.

దిమ్మతిరగడమంటే నీకు పట్టికలో ఒక గడి. నాకు ఆ ప్రశ్న రాకపోవడం.

కావలసింది: నవంబరు మాటకే ఇదంతా అని ఒప్పుకో. ఫిబ్రవరి 16లోగా. ఒప్పుకుంటే మాట వెనక్కి తీసుకుంటాను. ఒప్పుకోకపోయినా తీసుకుంటాను, కానీ ఒప్పుకో.

కర్టిస్


డులూత్
1986 ఫిబ్రవరి 15, శనివారం

ఒరేయ్ తమ్ముడూ,

నవంబరు మాటకి కాదు. ఆ రోజు నువ్వేమన్నావో కూడా నాకు సరిగ్గా గుర్తులేదు. టర్కీ ఉడికిందా లేదా అన్న గొడవలో ఉన్నాను.

కానీ తుఫాను కూడా కాదు.

18వ తేదీ శనివారం రెండు పేపర్లూ ఈ బల్ల మీదే ఎదురెదురుగా పెట్టుకున్నాను. ఒకదాంట్లో ఎనభై మూడు, ఒకదాంట్లో పద్నాలుగు. అట్ట మీద నేను రాసింది నాకు గుర్తే. ఎనభై మూడు నీది. ఎనభై మూడు తీసుకుంటే నువ్వు ఆ గొలుసు పట్టుకునే రాక్షసుణ్ణి ఏదో చేస్తావు, అది పదకొండు పేజీలుంటుంది. దానికి నేను ఎనిమిది పేజీలు జవాబు రాయాలి, గోడ ఎంత ఎత్తు, గొలుసుకి ఎన్ని లంకెలు అన్నీ ఆలోచించి. పక్కన ఎముకల పాఠం తెరిచి ఉంది, నిజం ఎముకలు, రెండొందల ఆరు. పరీక్ష ఫిబ్రవరి 24. తప్పితే మళ్లీ సంవత్సరం ఆగాలి. పొద్దున నాలుగింటికి లేచి ఆసుపత్రిలో రెండొందల మందికి ఓట్స్ కాస్తున్నాను.

నిన్ను ఆరు వారాలు ఊరుకోబెడదామనుకున్నాను. ఆటలో మనిషిని ఊరుకోబెట్టడానికి నాకు ఉన్న దారి అదొక్కటే. పద్నాలుగు తీసుకున్నాను.

నిన్ను చంపాలనుకోలేదు. రాక్షసుడు బయటికొచ్చిన నార్బర్ట్ వెంట పడతాడు, నువ్వు పక్కన క్షేమంగా నిలబడి ఉంటావు, ఇదీ నా లెక్క. ఉత్తరం డబ్బాలో పడేసి ఇంటికి నడుస్తుంటే గుర్తొచ్చింది, గొలుసు నీ చేతిలో ఉందని. పోస్టు డబ్బా తాళం తియ్యమని ఎవర్నడగను? నువ్వు పేజీ గుర్తుచేసుకోకపోతే బాగుండుననుకున్నాను. నువ్వు గుర్తుచేసుకుని, నీ నోటితో నువ్వే వెళ్లి నార్బర్ట్‌కి చెప్పావు. వాడు ద్రోహి అంటాడని తెలిసినా చెప్పావు. అది చదివిన సాయంత్రం నేను ఏ క్లాసుకీ వెళ్లలేదు.

అప్పుడే ఒప్పుకోవలసింది. తుఫాను అని రాశాను. తుఫాను వచ్చింది కూడా, అందుకే రాయడం తేలికైంది.

రెండో దెబ్బ నిన్నటి అంకె ప్రకారం వేశాను. వేయకపోతే అది ఇంకో దొంగతనం. ఎనిమిది పోయింది. టోర్వెక్ ప్రాణం ఐదు. నార్బర్ట్ ఇంకొకదాన్ని దీపంతోనే కొట్టాడు.

కర్టిస్, ఈ పోరు అయ్యాక ఆట ఆపేద్దాం. నా వల్ల కావడం లేదు. నిన్ను అడగడం మానెయ్యాలని కాదు. అడిగాక వినాలి, విన్నాక లోకాన్ని నిలబెట్టాలి. ఆ ఓపిక అయిపోయింది. ఆర్విడ్ తలుపులన్నీ బిగించేశాడు, ఒకటి తలకిందులుగా ఉంది, అది చెప్పే ఓపిక కూడా లేదు.

కోపం తెచ్చుకో. నీ హక్కు.

అక్క


రసీన్
1986 ఫిబ్రవరి 19, బుధవారం

ఎనభై మూడుని పద్నాలుగు చేశావు. అది దొంగతనం. ముందు ఆ మాట ఇక్కడ రాసి ఉండాలి, రాశాను.

పరీక్ష అయ్యేదాకా విప్పొద్దని కవరు మీద రాశాను. విప్పి ఉంటావు. ఎముకలు రెండొందల ఆరు అని లూషియస్‌కి చెప్పాను. తనకి రెండు తక్కువన్నాడు, ప్రెస్సు మిషను కింద వేలితో పాటు పోయాయట.

కోపం ఉంది. నువ్వు అబద్ధమాడినందుకు కాదు. చాతకావడం లేదని నాకు రాయడానికి నీకు ఆరు వారాలూ ఒక రాక్షసుడూ కావలసి వచ్చినందుకు. నన్నేమనుకున్నావు? పదకొండు పేజీలు వద్దురా, ఒక పేజీ రాయి అంటే ఒక పేజీ రాసేవాణ్ణి. రెండు.

పద్నాలుగు పద్నాలుగే. వెనక్కి తిప్పొద్దు. నార్బర్ట్ ఇద్దర్ని దీపంతో కొట్టాడు, ఊళ్లో అందరికీ చెప్పుకుంటున్నాడు, దాన్ని జరగలేదనలేం. నీ ఉత్తరం వాడికి చూపించాను. చదివి, "అంటే మనమే ఆమెకి దిమ్మతిరిగేట్టు చేశామా?" అన్నాడు. "పదకొండు పేజీలు రాసింది నేను. నువ్వు ఎప్పుడూ మూడు లైన్లే," అన్నాను. "నేను ముందు నుంచీ మంచివాణ్ణే," అన్నాడు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు నాతో.

ఆపేద్దామన్నావు. ఒప్పుకోను. ఇది చదువు.

ఒకటి. లోకాన్ని ఇకమీదట నువ్వు మోయొద్దు. పటాలు, నోటు పుస్తకాలు, అవన్నీ దాచిన ఆ బూట్ల పెట్టె మొత్తం నాకు పంపు. నేను నడుపుతాను. బల్ల మీద కూచుని తొమ్మిదేళ్లు చూశాను, నాకొచ్చు. రాకపోతే నేర్చుకుంటాను, చదవడం నేర్చుకోలేదా. పెట్టెకి తొందరలేదు. బావని కట్టమను, ఆయనకేదైనా బిగించే పని కావాలి.

రెండు. ఆట నడిపేవాడికి సొంత మనిషి ఉండకూడదు. ఇది నీ నిబంధనే, సరైనది. కాబట్టి టోర్వెక్ ఇవాళ్టి నుంచి నా మనిషి కాడు. గేటు ముందు దిమ్మతిరిగి నిలబడ్డవాడు ఒకడు, ప్రాణం ఐదు, అంతే. మూడో దెబ్బ ఇంకా పడలేదు. 28వ తేదీ అంకె ఎంత పడితే అంత. వాడి వైపు నేను ఒక్క గీత కూడా జరపను.

మూడు. నలభై ఒకటో పేజీ అడుగున పెన్నుతో రాశాను, చెరిపినా పోదు: దిమ్మతిరిగినవాడికి కూడా ఉత్తరం వస్తుంది. ఏం కనిపిస్తోందో, ఏం వినిపిస్తోందో అందులో రాయాలి. జవాబు అక్కర్లేదు. నా ఆటలో ఎవరైనా వాళ్ల వంతులో ఏమీ రాయకపోతే వాళ్లు అక్కడే నిలబడి ఉంటారు, వాళ్లని ఎవరూ కొట్టరు.

నాలుగు. నువ్వు ఆడు. నువ్వు తొమ్మిదేళ్లు అందర్నీ అడిగావు, నిన్ను ఎవరూ అడగలేదు. నీకు ఒక మనిషి ఉండాలి. పేరు నువ్వే పెట్టుకో. చేతిలో ఏముందో, వీపున ఏముందో నువ్వే రాసుకో.

నువ్వు వంతెన దిగి వచ్చావు. మంచు కురుస్తోంది. ఎదురుగా కోట గేటు పడిపోయి ఉంది, లోపల ఎవరో దీపంతో దేన్నో కొడుతున్నారు, తిడుతున్నారు. గేటుకి ఇవతల ఒక గొడ్డలివాడు చేతులు వేలాడేసి నిలబడ్డాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. నువ్వు వచ్చింది చూశాడు. నోరు పెగలదు. అతని వెనక కంచు రాక్షసుడు సుత్తి ఎత్తాడు. వాళ్లకీ నీకూ పది అడుగులు. రాక్షసుడు నిన్నింకా చూడలేదు.

బిర్గిట్, నువ్వేం చేస్తావు?

ఒక్క లైను చాలు. రెండో లైను రాస్తే చదవను. పరీక్ష సోమవారం, మంగళవారం నీకు ఖాళీ. పోస్టు ముద్ర ఫిబ్రవరి 26, బుధవారం దాటకూడదు. తుఫాను వచ్చినా సరే.

కర్టిస్